మన జెండా రంగుల అర్థం ఎన్నిసార్లు మారింది?

ఆగస్టు 15 వచ్చిందంటే చెన్నైలోని తెలుగు పిల్లలకు జరిగే క్విజ్ పోటీల్లో రెండు ప్రశ్నలు దాదాపు ఖాయం. జాతీయ జెండాను రూపొందించింది ఎవరు? అందులోని రంగులు దేనికి గుర్తు? మొదటిదానికి పిల్లలందరూ ఒక్క గొంతుతో పింగళి వెంకయ్య పేరు చెబుతారు. రెండోదానికి సమాధానాలు చీలిపోతాయి. కాషాయం అంటే త్యాగమని ఒకరు, ధైర్యమని ఒకరు, హిందువులని మరొకరు. ఆకుపచ్చ పాడిపంటలని కొందరు, విశ్వాసమని కొందరు, ముస్లింలని ఇంకొందరు. నిర్ణేతలుగా కూర్చున్న పెద్దలకు కూడా దీని మీద ఏకాభిప్రాయం ఉండదు. ఎవరి చిన్ననాటి పాఠ్యపుస్తకం వారికి ప్రమాణం.

ఈ జవాబుల్లో ఏ ఒక్కటీ ఎవరో ఊహించి చెప్పింది కాదు. ప్రతిదాని వెనుకా ఒక సంవత్సరం, ఒక తీర్మానమో ప్రసంగమో వ్యాసమో ఉంది. కానీ ఆ సంవత్సరాలు వేరు, ఆ జెండాలు కూడా వేరు. 1921 నాటి జెండా ఒకటి, 1931 నాటిది మరొకటి, 1947లో మనం స్వీకరించినది ఇంకొకటి. మూడింటినీ ఒకటిగా కలిపేసుకున్నాం కాబట్టే ఒక కాలపు అర్థాన్ని మరో కాలపు జెండాకు అంటగడుతున్నాం. ఈ మూడు మలుపుల దగ్గరా ఒక్కొక్క తెలుగువారు నిలబడి ఉన్నారు. మొదటి మలుపులో పింగళి వెంకయ్య, రెండోదానిలో భోగరాజు పట్టాభి సీతారామయ్య, మూడోదానిలో సర్వేపల్లి రాధాకృష్ణన్. తరువాతి ఇద్దరూ ఈ మద్రాసులోనే కాలేజీ చదువులు చదివినవారు. అయినా జెండా మాట వస్తే ఈ ఊరి తెలుగువాళ్లం వెంకయ్య దగ్గరే ఆగిపోతాం. మిగిలిన ఇద్దరినీ కలుపుకొని చెప్పుకుంటేనే రంగుల చిక్కు విడుతుంది.

అడయారులో పుట్టిన చారలు

1921కి ముందు కూడా జెండాలు ఉన్నాయి. 1906 ఆగస్టు 7న కలకత్తా పార్సీ బగాన్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చారల జెండా ఎగిరింది. దాని మీద ఎనిమిది తామర మొగ్గలు, వందేమాతరం అన్న అక్షరాలు, సూర్యచంద్రులు ఉండేవి. 1907లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగిన సోషలిస్టుల మహాసభలో భికాజీ కామా అలాంటి జెండానే విప్పి చూపారు. వీటి గురించి చెప్పడానికి చాలా ఉన్నా, ఇప్పటి జెండా వంశవృక్షంలో అవి దూరపు బంధువులు మాత్రమే.

దగ్గరి బంధువు అడయారు నుంచి వచ్చింది. అనీ బెసెంట్ దివ్యజ్ఞాన సమాజం నుంచి నడిపిన హోమ్ రూల్ ఉద్యమానికి 1917 నాటికి సొంత జెండా ఉంది. ఐదు ఎర్ర చారలు, నాలుగు ఆకుపచ్చ చారలు, పై మూలలో బ్రిటిష్ జెండా, మరో మూల నెలవంక, నక్షత్రం, మధ్యలో సప్తర్షి మండలంలా పేర్చిన ఏడు చుక్కలు. 1917లో మద్రాసు ప్రభుత్వం బెసెంట్‌ను ఉదకమండలంలో నిర్బంధిస్తే ఆమె అక్కడి తోటలో కూడా ఎరుపు, ఆకుపచ్చ జెండా ఎగురవేశారు. స్వపరిపాలన అడుగుతూనే మూలన బ్రిటిష్ జెండాను ఉంచుకోవడం చాలామందికి నచ్చలేదు. అందుకే ఆ జెండా నిలబడలేదు. కానీ ఎరుపు, ఆకుపచ్చల జంట ప్రజల కళ్లకు అలవాటైంది. నాలుగేళ్ల తరువాత బెజవాడలో ఆ రెండు రంగులే మళ్లీ కనబడ్డాయి.

బెజవాడలో మూడు గంటలు

1876 ఆగస్టు 2న కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన వెంకయ్య బోయర్ యుద్ధ కాలంలో సైనికుడిగా దక్షిణాఫ్రికా వెళ్లారు. తరువాత బందరు జాతీయ కళాశాలలో పని చేశారు. వజ్రాల గనుల గురించి, పత్తి రకాల గురించి, జపాను భాష గురించి శ్రమించి నేర్చుకున్న మనిషి. కానీ ఆయన్ను వదలని ఆలోచన జెండానే. 1916లో వివిధ దేశాల జెండాలను వివరిస్తూ, మన దేశానికి ఎలాంటి జెండా ఉండవచ్చో నమూనాలతో సహా ఒక పుస్తకం వేశారు. కాంగ్రెస్ మహాసభ ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్లి ఆ సంగతి కదిలించేవారు.

బెజవాడ కథను మనం చెప్పుకునే తీరు ఒకటి, గాంధీ స్వయంగా రాసిన తీరు మరొకటి. 1921 మార్చి చివర బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. రెండు వారాల తరువాత, ఏప్రిల్ 13 నాటి యంగ్ ఇండియా పత్రికలో గాంధీ జెండా గురించి వ్యాసం రాశారు. నాలుగేళ్లుగా ప్రతి మహాసభలోనూ జెండా కోసం పట్టుబట్టిన వెంకయ్య దీక్షను తాను మెచ్చుకుంటూ వచ్చానని, అయితే ఆయన నమూనాల్లో జాతిని కదిలించేదేదీ తనకు కనబడలేదని అందులో దాచకుండా చెప్పారు. స్వరాజ్య జెండా మీద రాట్నం ఉండాలని సూచించింది జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్. ఆ సూచన గాంధీ మనసుకు పట్టింది. హిందువులకు గుర్తుగా ఎరుపు, ముస్లింలకు గుర్తుగా ఆకుపచ్చ, వాటి మీద రాట్నం వేసి ఇమ్మని వెంకయ్యను కోరారు. వెంకయ్య మూడు గంటల్లో జెండా సిద్ధం చేసి చేతికిచ్చారు.

అప్పటికే కాస్త ఆలస్యమైంది. సమావేశంలో పెట్టడానికి వీలు కాలేదు. అలా ఆలస్యం కావడమే మంచిదైందని గాంధీ రాశారు. తీరిగ్గా ఆలోచిస్తే, మిగతా మతాలవారికి కూడా చోటుండాలని ఆయనకు తోచింది. అప్పుడు తెలుపు చేరింది. కాబట్టి బెజవాడలోనే కాంగ్రెస్ త్రివర్ణ పతాకాన్ని ఆమోదించిందన్న మాట నిజం కాదు. ఆమోదం లేదు, మూడో రంగు కూడా అప్పటికి లేదు.

తెలుపు చేరాక గాంధీ రంగులను పేర్చిన వరుస నాకు ఈ చరిత్ర మొత్తంలో అత్యంత విలువైన సంగతిగా కనబడుతుంది. పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, అడుగున ఎరుపు. సంఖ్యలో అందరికన్నా తక్కువగా ఉన్నవారి రంగుకు మొదటి స్థానం. తరువాత ముస్లింల రంగు. అందరికన్నా ఎక్కువగా ఉన్న హిందువుల రంగు అన్నిటికన్నా కింద. బలవంతుడు బలహీనుడికి డాలుగా ఉండాలన్నది ఆయన భావం. రంగులకు మతాలను అంటగట్టడం పొరపాటేనని పదేళ్లకు కాంగ్రెసే ఒప్పుకుంది. కానీ ఆ వరుస వెనుక ఉన్న న్యాయం మాత్రం గుర్తుంచుకోదగినది. జెండాలోని రంగులు మతాలకు గుర్తు అనే జవాబు ఇక్కడి నుంచే వచ్చింది. అది 1921 జెండాకు సరైన జవాబు. ఇప్పుడు మన ఇంటి మీద ఎగిరే జెండాకు చెల్లదు.

పట్టాభి కమిటీ అడిగింది ఒకే రంగు

1921 జెండాను కాంగ్రెస్ ఒక తీర్మానంతో స్వీకరించలేదు. వాడుకలో అది జెండా అయింది. 1923లో నాగపూర్‌లో జెండా సత్యాగ్రహం జరిగి జైళ్లు నిండింది దాని కోసమే. అయితే రంగుకో మతం అన్నాక చిక్కులు రాకుండా ఉండవు. తెలుపులో అందరితో పాటు కలిసిపోవడం సిక్కులకు సమ్మతం కాలేదు. తమ రంగు కూడా ఉండాలని అడిగారు. అడిగిన ప్రతి సముదాయానికీ ఒక చార ఇస్తూ పోతే జెండాకు అంతు ఉండదు. పైగా తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు అదే వరుసలో బల్గేరియా జెండాలోనూ ఉన్నాయి.

1931లో కరాచీ మహాసభ ముగిసిన వెంటనే, ఏప్రిల్ 2న ఏడుగురితో ఒక కమిటీ వేశారు. వల్లభాయ్ పటేల్, జవహర్‌లాల్ నెహ్రూ, మౌలానా ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, డాక్టర్ హర్డీకర్, వీరితో పాటు కన్వీనర్‌గా పట్టాభి సీతారామయ్య. మద్రాసులో వైద్యం చదివి బందరులో ప్రాక్టీసు పెట్టి, దాన్ని వదిలేసి ఉద్యమంలోకి వచ్చిన పట్టాభి పేరును ఆంధ్రా బ్యాంకు స్థాపకుడిగా మనం తలచుకుంటాం. జెండా సంగతిలో ఆయన ఊసే రాదు. ఆయన కమిటీ రాష్ట్ర కాంగ్రెస్ శాఖలకు ప్రశ్నలు పంపి, అభిప్రాయాలు సేకరించి ఇచ్చిన నివేదిక మాత్రం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. జెండా మొత్తం ఒకే రంగులో, కేసరి (ఇప్పుడు మనం కాషాయం అంటున్న) రంగులో ఉండాలని, దాని మీద ఎర్రటి గోధుమ వన్నె రాట్నం ఉండాలని ఆ కమిటీ సిఫారసు చేసింది.

ఇప్పటి రాజకీయాల కళ్లజోడుతో చూసేవారికి ఈ సిఫారసు మరోలా తోస్తుంది. కమిటీ తర్కం నేరుగా ఉంది. రంగులు ఎక్కువైన కొద్దీ వాటాల తగవు పెరుగుతుంది, ఒకే రంగైతే పంచుకోవడానికి ఏమీ ఉండదు. ఆజాద్, నెహ్రూ, తారాసింగ్ కూర్చున్న కమిటీ ఇది. ఏ ఒక్క మతాన్నో నెత్తికెత్తుకునే ఉద్దేశం అక్కడ లేదు.

అయినా ఆ సిఫారసును కాంగ్రెస్ స్వీకరించలేదు. అప్పటికే పదేళ్లుగా జనం మూడు రంగుల జెండా పట్టుకుని లాఠీ దెబ్బలు తిన్నారు, జైళ్లకు వెళ్లారు. అలాంటి జెండాను ఒక్కసారిగా మార్చేయడం సులువైన పని కాదు. 1931 ఆగస్టులో బొంబాయిలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ మధ్యేమార్గం ఎంచుకుంది. మూడు రంగులు ఉంటాయి, కానీ ఎరుపు స్థానంలో కేసరి వస్తుంది. వరుస మారి కేసరి పైకి, తెలుపు మధ్యకు, ఆకుపచ్చ కిందికి చేరాయి. తెలుపు మీద ముదురు నీలం రాట్నం. అన్నిటికన్నా ముఖ్యమైనది, రంగులకు మతపరమైన అర్థం ఏదీ లేదన్న స్పష్టమైన ప్రకటన. కేసరి ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు శాంతికీ సత్యానికీ, ఆకుపచ్చ విశ్వాసానికీ శౌర్యానికీ, రాట్నం సామాన్య జనం ఆశకూ గుర్తులని నిర్ణయించారు. ఆగస్టు 30న దేశమంతటా జెండా దినోత్సవం జరిపారు.

పట్టాభి కమిటీ ఓడిపోయిందనుకోవడం పొరపాటు. రంగు విషయంలో దాని మాట నెగ్గలేదు. మతాల లెక్క పోవాలన్న అసలు కోరిక నెగ్గింది. కేసరి రంగు జెండాలోకి వచ్చింది కూడా ఆ నివేదిక తరువాతే. ఇవాళ చాలా బడి పుస్తకాల్లో కనిపించే ధైర్యం, త్యాగం, శాంతి, సత్యం అన్న మాటలు బొంబాయి తీర్మానం నుంచి వచ్చినవే.

ఈ కొత్త జెండాకు మద్రాసులో త్వరలోనే పరీక్ష ఎదురైంది. 1932 జనవరి 26న, సెయింట్ జార్జి కోట మీద ఉన్న ఎత్తైన జెండా స్తంభాన్ని రాత్రి చీకట్లో ఎక్కి, బ్రిటిష్ జెండా తీసేసి త్రివర్ణ పతాకం ఎగురవేసిన యువకుడు భాష్యం. ఆయన్ను అందరూ ఆర్య అనేవారు. కాపలా సైనికుల మధ్య నుంచి వెళ్లి ఆ ఎత్తు ఎక్కాలంటే ఎంత తెగువ కావాలో ఆ కోట ముందు నిలబడి తలెత్తి చూస్తే తెలుస్తుంది. దానికి రెండు వారాల ముందు, జనవరి 11న, చేతిలోని జెండాను వదలకుండా పోలీసు దెబ్బలకు తిరుప్పూర్ కుమరన్ ప్రాణం విడిచారు. తమిళులు ఆయన్ను ఇప్పటికీ జెండాను కాపాడిన కుమరన్ అనే పిలుస్తారు.

తీర్మానం చెప్పనిది, రాధాకృష్ణన్ చెప్పింది

1947 జూన్‌లో రాజ్యాంగ సభ జెండా కోసం రాజేంద్ర ప్రసాద్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించింది. ఆజాద్, రాజాజీ, సరోజినీ నాయుడు, మున్షీ, అంబేద్కర్ వంటివారు అందులో సభ్యులు. జూలై 22న నెహ్రూ తీర్మానం ప్రవేశపెట్టారు. ముదురు కేసరి, తెలుపు, ముదురు ఆకుపచ్చ సమాన వెడల్పులో ఉంటాయి. తెలుపు మధ్యలో నేవీ బ్లూ రంగు చక్రం ఉంటుంది. సారనాథ్‌లోని అశోకుడి సింహ స్తంభం పీఠం మీద ఉన్న చక్రమే దానికి నమూనా. జెండా వెడల్పు, పొడవుల నిష్పత్తి 2:3.

ఇక్కడ రెండు విషయాలు జాగ్రత్తగా గమనించాలి. మొదటిది, ఆ తీర్మానంలో రంగుల అర్థం గురించి ఒక్క మాట కూడా లేదు. రెండోది, ఆ చక్రం దేనికి గుర్తో మాత్రం తీర్మానం చెప్పింది. అది రాట్నానికి గుర్తు. రూపం అశోకుడిది, సంకేతం రాట్నానిది. రెండింటిలో ఏది అని తగవుపడేవారు తీర్మానం పాఠం చదివితే చాలు. రాట్నం బొమ్మను ఎందుకు మార్చారో నెహ్రూ అదే రోజు వివరించారు. జెండాను రెండు వైపులా చూస్తారు కాబట్టి బొమ్మ రెండు వైపులా ఒకేలా ఉండాలి. రాట్నానికి ఒక పక్క చక్రం, మరో పక్క కదురు ఉంటాయి కాబట్టి వెనుక నుంచి చూస్తే తారుమారవుతుంది. చక్రం ఒక్కదాన్నే ఉంచితే ఆ ఇబ్బంది లేదు. గాంధీకి మొదట ఈ మార్పు నచ్చలేదు. రాట్నం లేని జెండాకు వందనం చేయనన్నంత వరకు వెళ్లారు.

చక్రంలో ఉన్న 24 ఆకులు రోజులోని 24 గంటలని, 24 సద్గుణాలని ఆగస్టు నెలలో ఫోన్లకు సందేశాలు వస్తుంటాయి. సారనాథ్ చక్రానికి అన్ని ఆకులు ఉన్నాయి కాబట్టి జెండాలోనూ ఉన్నాయి. అంతకు మించిన అర్థం తీర్మానంలో లేదు.

జెండాను రూపొందించినప్పుడు దానికి మతపరమైన అర్థమేదీ లేదని కూడా నెహ్రూ ఆ ప్రసంగంలో అన్నారు. 1921 నాటి గాంధీ వ్యాసం చదివినవారికి ఈ మాట సత్యదూరంగా అనిపించవచ్చు. 1931 నాటి కేసరి, తెలుపు, ఆకుపచ్చ జెండా గురించి అన్నారనుకుంటే ఆ మాట నిలుస్తుంది. ఒకే జెండా అనుకుంటే పరస్పర విరుద్ధంగా కనిపించే మాటలు, మూడు జెండాలని గుర్తిస్తే వాటి వాటి చోట సర్దుకుంటాయి.

తీర్మానం వదిలేసిన అర్థాన్ని ఆ రోజు సభలో పలువురు తమ తమ తీరున పూరించారు. వారిలో రాధాకృష్ణన్ మాటలే నిలిచాయి. తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, ప్రెసిడెన్సీ కాలేజీలో తత్వశాస్త్రం బోధించిన ఆయన రంగులకు చెప్పిన భాష్యం అంతకుముందు వాటికన్నా లోతైనది. కాషాయం వైరాగ్యానికి గుర్తు. దాన్ని ఆయన ప్రజలకు చెప్పలేదు, నాయకులకు చెప్పారు. పాలించేవారు సొంత లాభం మీద ఆశ వదులుకొని పనికి అంకితం కావాలన్నారు. తెలుపు వెలుగు, మన నడతకు దారి చూపే సత్యమార్గం. ఆకుపచ్చ నేలతో, మొక్కలతో మనకున్న సంబంధం. తక్కిన ప్రాణులన్నీ ఆధారపడింది ఆ పచ్చదనం మీదే కదా. చక్రం ధర్మం, దానితో పాటు చలనం. నిలిచిపోవడంలో మృత్యువు ఉందని, కదలికలో జీవం ఉందని ఆయన అన్నారు.

1931లో కేసరి సైనికుడి గుణం, ధైర్యం. 1947లో అదే కేసరి సన్యాసి గుణం అయింది. పోరాడుతున్న దేశానికి మొదటిది కావలసి వచ్చింది, అధికారం చేతికి వస్తున్న దేశానికి రెండోది. రాధాకృష్ణన్ ఆ తేడాను గుర్తించి మాట్లాడారని నేను నమ్ముతాను. పాడిపంటల ఆకుపచ్చ అనే వాడుక అర్థం కూడా ఈ ప్రసంగం నుంచి కొంత సరళమై వచ్చినదే. జెండా నియమావళి సైతం రంగుల ప్రస్తావన వచ్చిన చోట ఆయన మాటలనే ఉదాహరిస్తుంది. కాబట్టి ఇప్పటి జెండాకు సంబంధించి పిల్లలకు ఒక జవాబు నేర్పాలంటే రాధాకృష్ణన్ చెప్పినదే నేర్పాలి. మైలాపూరులో ఆయన పేరు పెట్టిన రహదారి మీదుగా రోజూ వెళ్లే తెలుగువారికి ఇది తెలిసి ఉండాలి.

1947 ఆగస్టు 15 ఉదయం సెయింట్ జార్జి కోట మీద ఎగిరిన పట్టు జెండా ఇప్పటికీ ఉంది. పురావస్తు శాఖ వారి కోట మ్యూజియంలో దాన్ని భద్రపరిచారు. పొడవు సుమారు 12 అడుగులు, వెడల్పు 8 అడుగులు. వన్నె తగ్గినా రంగులు తెలుస్తాయి. చెన్నైలో ఉంటూ దాన్ని చూడకపోవడం లోటే.

మరి జెండా ఎవరిది?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఎరుపు, ఆకుపచ్చ, రాట్నం ఉన్న తొలి రూపాన్ని మూడు గంటల్లో తయారు చేసి ఇచ్చింది వెంకయ్య. రాట్నం సూచన హంసరాజ్‌ది, తెలుపు గాంధీది. కేసరిని పట్టాభి కమిటీ తెచ్చింది, వరుసను బొంబాయి తీర్మానం స్థిరపరిచింది. చక్రం 1947 కమిటీ కాలంలో వచ్చింది. ఆ నమూనా తయారీలో బద్రుద్దీన్ త్యాబ్జీ, సురయ్యా త్యాబ్జీ దంపతుల పాత్ర ఉందని వారి కుటుంబంతో పాటు కొందరు చరిత్రకారులు చెబుతారు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఈ మాట అంటే వెంకయ్యను తక్కువ చేస్తున్నారని కొందరు నొచ్చుకుంటారు. ఆయన గొప్పతనం గీతల్లో కన్నా పట్టుదలలో ఉంది. జెండా లేని దేశానికి జెండా కావాలని, ఎవరూ పట్టించుకోని రోజుల్లో, ఏళ్ల తరబడి ఒంటరిగా అడుగుతూ పోయిన మనిషి ఆయన. తన నమూనాలు మెప్పించలేదని అంత నిక్కచ్చిగా రాసిన గాంధీ, జెండా కావలసి వచ్చినప్పుడు పిలిచింది ఆయన్నే. 1963లో పేదరికంలోనే కన్నుమూసిన ఆ మనిషికి, మిగతావారి పేర్లు చెరిపేసి మనం కొత్తగా ఇవ్వవలసిన ఘనతేమీ లేదు.

అర్థాలు మూడుసార్లు మారినా మూడుసార్లూ మారకుండా ఉన్నది ఒకటుంది. అది బట్ట. జెండా ఖద్దరుదే కావాలని గాంధీ 1921లోనే రాశారు. రాట్నం గుర్తు ఉన్న జెండా రాట్నం మీద వడికిన నూలుతో నేసినదై ఉండాలన్నది అందరికీ అర్థమయ్యే న్యాయం. 1947 తీర్మానం చక్రాన్ని రాట్నానికే ముడిపెట్టింది. 2002లో అమలులోకి వచ్చిన జెండా నియమావళి కూడా చేతితో వడికి, చేతితో నేసిన బట్టే వాడాలన్నది. కర్ణాటకలోని హుబ్బళ్లి దగ్గర బెంగేరిలోని ఖాదీ సంఘం, భారతీయ ప్రమాణాల సంస్థ పరీక్షలకు నిలిచే జెండాలు కుట్టేది ఆ నియమం ప్రకారమే. 2021 డిసెంబరు 30న ఆ నియమాన్ని సవరించి మిల్లు బట్టను, పాలిస్టర్‌ను కూడా అనుమతించారు. ఇంటింటికీ జెండా చేరాలంటే చవకగా ఉండాలన్నది ప్రభుత్వ వాదన. దానిలో కొంత న్యాయం ఉందని ఒప్పుకుంటాను. కానీ రాట్నాన్ని సూచించే చక్రాన్ని పాలిస్టర్ మీద అచ్చువేయడం నాకు మనస్కరించదు. ఆగస్టు మొదటి వారంలో ప్యారీస్ కార్నర్ వీధుల్లో కట్టలు కట్టలుగా అమ్మే జెండాల్లో కాషాయం మిరుమిట్లు గొలిపే నారింజగా, ఆకుపచ్చ చిలకపచ్చగా ఉంటుంది, చక్రం మధ్యలో ఉండదు. ఖాదీ దుకాణంలో జెండా ఖరీదు అంతకన్నా ఎక్కువే. అయినా ఏడాదికి ఒక్కటి కొనేవాళ్లం దాన్నే కొనాలి, వర్షానికి తడవనీయకుండా చూసుకోవాలి, మళ్లీ వచ్చే ఏడాది కూడా దాన్నే ఎగురవేయాలి.